మొదటి రోజే చేతికిచ్చే కాగితం

(స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఒరేయ్, అమెరికాలో నువ్వు చేసే పని గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాలి" అన్నారు. నేను చేసేది లెక్కలు చెప్పడం. టెక్సస్ రాష్ట్రంలో ఒక కమ్యూనిటీ కాలేజీలో. అందులోనూ ఎక్కువగా నా వంతుకు వచ్చేది కాలేజీ ఆల్జీబ్రా అనే కోర్సు. జీవితంలో పైకి వచ్చిన కథలు చెప్పేవాళ్ళు సాయంత్రం సభలో చాలామంది ఉన్నారు. అందుకని నేను ఈ ఒక్క కోర్సు గురించే చెబుతాను. అది ఎలా నడుస్తుంది, మార్కులు ఎలా వేస్తాం, అంతే. వినడానికి ఇదేదో ఆఫీసు ఫైలు సంగతిలా ఉంటుంది. కాని ఒక మనిషి టీచరు అవుతుందా, స్కూలు క్యాంటీన్‌లోనే ఉండిపోతుందా అన్నది మార్కులు కూడే పద్ధతి మీద ఆధారపడటం నేను కళ్ళారా చూశాను.

ముందు కోర్సు ఏమిటో చెబుతాను. సమీకరణాలు, అసమీకరణాలు, ప్రమేయాలు, వాటి రేఖాచిత్రాలు, వర్గ సమీకరణాలు, బహుపదులు, సంవర్గమానాలు, చివర్లో మాత్రికలు, వీలైతే శ్రేఢులు. మన బ్యాచ్ వాళ్ళకు పదో తరగతి పేపర్-1లో ప్రమేయాలు, బహుపదులు, శ్రేఢులు ఉండేవి, పేపర్-2లో మాత్రికలు ఉండేవి. అందుకే ఇక్కడికి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు, "అమెరికాలో కాలేజీ పిల్లలకు పదో తరగతి లెక్కలు చెబుతున్నావా?" అని నవ్వుతారు. నవ్వండి, పరవాలేదు. కాని ఆ క్లాసులో ఎవరు కూర్చుంటారో కూడా తెలుసుకోవాలి. హైస్కూల్లో లెక్కలు బాగా వచ్చినవాడు నేరుగా కలన గణితానికి వెళ్ళిపోతాడు, వాడు నా గదిలోకి రాడు. నా గదిలోకి వచ్చేది నిన్నటిదాకా సైన్యంలో ఉండి వచ్చినవాడు, పగలు లారీ తోలి రాత్రి చదువుకునేవాడు, ఇరవై ఏళ్ళ క్రితం చదువు ఆపేసి పిల్లలు పెద్దవాళ్ళయ్యాక మళ్ళీ మొదలుపెట్టిన ఆవిడ. పద్దెనిమిదేళ్ళ పిల్ల పక్కన యాభై ఏళ్ళ మనిషి కూర్చుని ఒకే వర్గ సమీకరణం చేస్తుంటారు.

టెక్సస్ ప్రభుత్వ కాలేజీల్లో ఈ కోర్సుకు ఒకే నంబరు ఉంటుంది: 1314. మొదటి అంకె 1 అంటే మొదటి సంవత్సరపు కోర్సు. రెండో అంకె 3 అంటే మూడు క్రెడిట్లు, అంటే వారానికి మూడు గంటల పాఠం. ఈ ఊళ్ళో చదివిన 1314 ఇంకో ఊరి యూనివర్సిటీలోనూ 1314గానే చెల్లుతుంది. సెమిస్టరు పదహారు వారాలు. చివరి వారం పరీక్షలకు పోతుంది.

ఇక అసలు విషయం. మొదటి రోజు క్లాసులో నేను చేసే మొదటి పని పాఠం కాదు. ఆరేడు పేజీల కాగితం పంచుతాను. దాని పేరు సిలబస్. మనకు సిలబస్ అంటే పాఠాల జాబితా. "సిలబస్ పూర్తయిందా మాస్టారూ?" అని అడుగుతాం. అక్కడ ఆ మాటకు అర్థం వేరు. ఏ వారం ఏ పాఠం, ఏ తేదీన ఏ పరీక్ష, ఏ పరీక్షకు ఎంత వాటా, ఎన్ని మార్కులొస్తే ఏ గ్రేడు, క్లాసుకు రాకపోతే ఏమిటి, కాపీ కొడితే ఏమిటి, నేను ఏ రోజు ఏ గంటకు నా గదిలో ఉంటాను, ఇవన్నీ అందులో రాసి ఉండాలి. అది నాకూ విద్యార్థికీ మధ్య ఒప్పంద పత్రం లాంటిది. ఒకసారి ఇచ్చాక నాకు కోపం వచ్చిందనో, క్లాసు బాగా చదవడం లేదనో మధ్యలో మార్చేస్తానంటే కుదరదు.

టెక్సస్‌లో ఇది చట్టం కూడా. 2009లో హౌస్ బిల్ 2504 అని ఒకటి చేశారు. ప్రభుత్వ కాలేజీల్లో డిగ్రీ కోర్సుల సిలబస్‌ను వెబ్‌సైటులో పెట్టాలి. పాస్‌వర్డు అడగకుండా, మొదటి పేజీ నుంచి మూడు క్లిక్కుల లోపల ఎవరికైనా కనబడాలి. క్లాసులు మొదలైన ఏడు రోజుల్లోపు పెట్టాలి. ఆ చట్టాన్ని తిట్టుకునే అధ్యాపకులు ఉన్నారు, ప్రతి సెమిస్టరూ ఆ పేజీలు నింపడం విసుగే. నాకు మాత్రం అందులో ఒక మంచి కనిపిస్తుంది. మార్కులు వేసే పద్ధతి మాస్టారి మనసులో దాచుకునే సరుకు కాదని ఆ చట్టం చెబుతోంది.

నా క్లాసులో వాటాలు ఇలా ఉంటాయి. హోంవర్కుకు 15 శాతం. చిన్న క్విజ్‌లకు 15. మధ్యలో మూడు పరీక్షలు, ఒక్కోదానికి 15 చొప్పున 45. చివరి పరీక్షకు 25. మొత్తం కూడితే 90, ఆపైన వస్తే ఎ, 80 దాటితే బి, 70 దాటితే సి, 60 దాటితే డి, ఆ కిందంతా ఎఫ్. ఇది నా పద్ధతి. వాటాలు కాలేజీని బట్టి, అధ్యాపకుడిని బట్టి మారతాయి. హోంవర్కుకు నేను ఒకప్పుడు ఇంకా ఎక్కువ ఇచ్చేవాణ్ణి. ఇప్పుడు సెల్‌ఫోన్ కెమెరా లెక్క మీద పెడితే జవాబే కాదు, మెట్టు మెట్టుగా సాధన కూడా వచ్చేస్తోంది. ఇంట్లో చేసిన పనికి మార్కులు ఇవ్వడమంటే ఫోనుకు మార్కులు ఇవ్వడమే అవుతోంది. అలాగని పూర్తిగా తీసేస్తే అభ్యాసం చేసేవాళ్ళే ఉండరు. పదిహేను శాతం దగ్గర ఆగాను. ఇది సరైన అంకె అని నేనేమీ వాదించను.

ఇంకో నిబంధన ఉంది, నా దృష్టిలో ఆ కాగితం మొత్తానికి ప్రాణం అదే. మూడు పరీక్షల్లో అన్నిటికన్నా తక్కువ వచ్చినదాన్ని చివరి పరీక్ష మార్కుతో మార్చుకోవచ్చు. చివరి మార్కు ఎక్కువైతేనే సుమా. మొదటి నెలలో తడబడినవాడు చివరికి మొత్తం నేర్చుకుంటే, ఆ మొదటి తడబాటుకు వాడిని ఏడాదంతా శిక్షించాల్సిన పని లేదని దీని భావం.

ఇందాక చెప్పిన స్కూలు క్యాంటీన్ ఆవిడ సంగతి చెబుతాను. వయసు నలభై దాటింది. ఒక ప్రాథమిక పాఠశాలలో పిల్లలకు మధ్యాహ్నం భోజనం వడ్డించే ఉద్యోగం. ఆ పిల్లలకే పాఠాలు చెప్పాలని కోరిక. అక్కడ ప్రాథమిక పాఠశాల టీచరు కావాలంటే ఆ చదువులో లెక్కల కోర్సులు వేరే ఉంటాయి, వాటిలోకి అడుగు పెట్టాలంటే ముందు కాలేజీ ఆల్జీబ్రా సి గ్రేడుతో దాటాలి. డి వచ్చినా కాగితం మీద పాసే, కాని ఆ తలుపు తెరుచుకోదు. ఆవిడకు మొదటి పరీక్షలో 40 వచ్చింది. రెండోదాంట్లో 62. మూడోదాంట్లో 70. హోంవర్కు సగటు 88, క్విజ్‌ల సగటు 74. పద్నాలుగో వారంలో నా గదికి వచ్చి, "ఇక మానేయమంటారా?" అని అడిగింది.

నేను నా కంప్యూటరు తెరవలేదు. సిలబస్ కాగితం తీయమన్నాను. చివరి పరీక్షలో ఎంత వస్తుందో తెలియదు కదా, దాన్ని ఎక్స్ అనుకోమన్నాను. హోంవర్కు నుంచి 13.2, క్విజ్‌ల నుంచి 11.1, మూడు పరీక్షల నుంచి 25.8, అన్నీ కలిపితే 50.1 చేతిలో ఉన్నాయి. 70కి ఇంకా 19.9 కావాలి. చివరి పరీక్ష వాటా 0.25 కాబట్టి ఎక్స్ విలువ 79.6. ఆవిడ మొహం వాడిపోయింది, అప్పటిదాకా ఏ పరీక్షలోనూ అంత రాలేదు మరి. అప్పుడు ఆ నిబంధన చదవమన్నాను. 40 తీసేస్తే దానివల్ల వచ్చిన 6 పోతుంది, చేతిలో 44.1 మిగులుతుంది. ఆ ఖాళీలోనూ ఎక్స్ వచ్చి కూర్చుంటుంది కాబట్టి దాని వాటా ఇప్పుడు 0.15, 0.25 కలిపి 0.40. సమీకరణం ఆవిడే రాసింది: 44.1 + 0.40 ఎక్స్ = 70. ఎక్స్ విలువ 64.75.

79.6 వేరు, 64.75 వేరు. మొదటిది చూసిన మనిషి ఇంటికి వెళ్ళిపోతుంది. రెండోది చూసిన మనిషి చదువుతుంది. చివరి పరీక్షలో ఆవిడకు 72 వచ్చింది. మొత్తం 72.9, సి గ్రేడు. ఆ నిబంధన లేకపోతే అవే జవాబులకు 68.1, డి. ఇక్కడ నేను ఒక్క మార్కు కూడా దానం చేయలేదు. ఆ వాటా ఆగస్టులో రాసిందే, డిసెంబరులో ఆవిడ కోసం పుట్టించింది కాదు. నాకు ఇంకా ముచ్చటేసింది ఏమిటంటే, కోర్సు మొదటి వారంలో చెప్పిన ఏకఘాత సమీకరణాన్ని ఆవిడ తన భవిష్యత్తు కోసం తానే రాసుకుని సాధించింది. "ఈ లెక్కలు ఎందుకు పనికొస్తాయి?" అని అడిగేవాళ్ళకు నేనిప్పుడు ఈ లెక్కే ఇస్తున్నాను.

అందరి కథా ఇలా నడవదు, అదీ చెప్పాలి. చాలామంది మధ్యలో జారిపోతారు. పన్నెండో క్లాసు రోజు లోపల పేరు తీసేయించుకుంటే రికార్డులో అసలు పడదు. ఆ తర్వాత కొన్ని వారాల దాకా మానుకుంటే డబ్ల్యూ అని పడుతుంది, అది ఫెయిల్ కాదు. కాని టెక్సస్ ప్రభుత్వ కాలేజీల్లో డిగ్రీ మొత్తానికి అలాంటి డబ్ల్యూలు ఆరుకు మించి కుదరవు, 2007 నుంచి ఆ నియమం ఉంది. పైగా చేరిన కోర్సుల్లో సరిపడా పూర్తి చేయకపోతే ప్రభుత్వం ఇచ్చే ఆర్థిక సాయం ఆగిపోతుంది. ఏమీ చెప్పకుండా రావడం మానేసేవాళ్ళు కొందరు. వాళ్ళకు పడేది ఎఫ్. నన్నడిగితే అన్నిటికన్నా బాధ కలిగించేది అదే, చదవలేక పోయింది కాదు, ఒక ఫారం నింపలేక పోయింది.

దిద్దడం గురించి లెక్కల మాస్టార్లకు ఆసక్తి ఉంటుంది. మన స్టెప్ మార్కులే అక్కడా. ఒక ఉదాహరణ. √(ఎక్స్ + 7) = ఎక్స్ − 5. పది మార్కులు. ఇరువైపులా వర్గం చేస్తే 3. సర్ది వర్గ సమీకరణంగా రాస్తే 2. మూలాలు 9, 2 అని కనుక్కుంటే 3. చివరి రెండు మార్కులు దేనికంటే, ఆ రెంటినీ మొదటి సమీకరణంలో వేసి చూసి, 2 పనికిరాదని కొట్టేసినందుకు. 2 వేస్తే ఎడమ పక్క 3, కుడి పక్క −3 వస్తాయి కదా. ఎక్కువమంది ఎనిమిది మార్కుల దగ్గర ఆగిపోతారు. చూసుకునే ఓపిక లేక. క్యాలిక్యులేటర్‌లో చూసి "9" అని ఒక్క అంకె రాసినవాడికి జవాబు సరైనదైనా రెండే మార్కులు. ఈ విభజన దిద్దే ముందు కాగితం మీద రాసుకుంటాం. చివరి పరీక్ష మా విభాగమంతటికీ ఉమ్మడి. ఒకరు మొదటి ప్రశ్న అందరి పేపర్లలో దిద్దుతారు, ఇంకొకరు రెండో ప్రశ్న. అందువల్ల ఏ పేపరు ఏ మాస్టారి చేతిలో పడిందన్న అదృష్టం పని చేయదు.

మధ్య పరీక్షల పేపర్లు వారంలో తిరిగి చేతికిస్తాం. ఏ మెట్టు దగ్గర ఎందుకు పోయిందో విద్యార్థి చూస్తాడు, తప్పు దిద్దానని తోస్తే వారం లోపల రాసిచ్చి అడగవచ్చు. మన పబ్లిక్ పరీక్షలో పేపరు ఊరు దాటి స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్ళిపోతుంది. ఎక్కడ పోయిందో చూడాలంటే డబ్బు కట్టి దరఖాస్తు పెట్టుకోవాలి. లక్షల పేపర్లతో వ్యవహారం కాబట్టి అది అలాగే ఉంటుంది, దాన్ని నేను తప్పు పట్టడం లేదు. చెప్పదలచుకున్నది ఇంకోటి. తాను ఎక్కడ ఆగిపోయాడో తెలియని పిల్లవాడు "నాకు లెక్కలు రావు" అంటాడు. తెలిసినవాడు "నాకు చివరి మెట్టు రాలేదు" అంటాడు.

మధ్యలో ఒక చిన్న సంగతి. మన తెలుగువాళ్ళు అక్కడ చాలామంది ఉన్నారు కదా. ఎవరి అబ్బాయో మా కాలేజీలో చేరితే ఫోను వస్తుంది, "అన్నయ్యా, మావాడు ఎలా చదువుతున్నాడు? మార్కులు ఎంత?" అని. చెప్పడానికి లేదు. 1974 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం కాలేజీలో చేరిన పిల్లల మార్కులు వాళ్ళ సొత్తు. వాళ్ళు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా నేను తల్లిదండ్రులకు నోరు విప్పి చెప్పకూడదు. "ఫీజు కట్టేది మేము కదా!" అంటారు. నిజమే. అయినా చెప్పకూడదు. ఇందువల్ల రెండు మూడు ఇళ్ళల్లో నాకు భోజనాలకు పిలుపులు తగ్గాయి.

ఇక మనకు దగ్గరగా వచ్చే విషయం. లెక్కల్లో వెనకబడి వచ్చినవాళ్ళను ఏం చేయాలి? చాలా ఏళ్ళు అక్కడ చేసింది ఏమిటంటే, ప్రవేశ పరీక్షలో తక్కువ వస్తే ముందు ఒక పునాది కోర్సు, అది దాటితే ఇంకోటి, ఆ తర్వాతే కాలేజీ ఆల్జీబ్రా. ఆ పునాది కోర్సులకు డిగ్రీలో లెక్క లేదు, ఫీజు మాత్రం ఉంది. ఏడాది, ఏడాదిన్నర అక్కడే గడిచిపోయేది. ఒక్కో మెట్టు దగ్గర కొందరు రాలిపోగా చివరికి 1314 గుమ్మం దాకా వచ్చేవాళ్ళు కొద్దిమంది. 2017లో టెక్సస్ ఇంకో చట్టం చేసింది, హౌస్ బిల్ 2223. వెనకబడినవాళ్ళను వేరే కూర్చోబెట్టకుండా అసలు కోర్సులోనే చేర్చి, అదే సెమిస్టర్లో పక్కన ఒక సహాయ క్లాసు పెట్టాలన్నది. సంవర్గమానాలు చెప్పే వారంలోనే దానికి కావలసిన ఘాతాంక నియమాలు పక్క గంటలో గుర్తు చేస్తాం. మొదట్లో మాలో చాలామందికి ఇష్టం లేదు. భిన్నాలు కూడలేనివాడు ప్రమేయాలు ఏం చేస్తాడని. ఇప్పటికీ కొందరిని ఈ పద్ధతి దాటించలేదు. కాని రెండు సెమిస్టర్ల క్యూలో నిలబడి అలసిపోయి వెళ్ళిపోయేవాళ్ళు ఇప్పుడు కనీసం అసలు గదిలో కూర్చుని ప్రయత్నిస్తున్నారు.

మన రోజుల్లో మార్చి తప్పితే సెప్టెంబరు. ఆ మధ్య ఆరు నెలలు ఆ పిల్లవాడు బడికి చెందడు, కాలేజీకి చెందడు. పొలానికో, షాపుకో వెళ్ళేవాడు, కొందరు మళ్ళీ రాలేదు. మన బ్యాచ్‌లోనే ఉన్నారు, పేర్లు మీకూ తెలుసు. ఇవాళ ఈ సభకు రానివాళ్ళలో వాళ్ళే ఎక్కువ. ఇప్పుడు సప్లిమెంటరీ ముందే పెడుతున్నారు, మంచిదే. మన సంఘం ఇన్నేళ్ళుగా పదో తరగతిలో మొదటి ర్యాంకు వచ్చినవాళ్ళకు బహుమతులు ఇస్తోంది. ఇస్తూనే ఉండాలి. లెక్కల్లో ఆగిపోతున్నవాళ్ళ కోసం కూడా కొంత ఖర్చు పెట్టమని కార్యవర్గాన్ని కోరుతున్నాను.

నేను అడిగేది పెద్దదేం కాదు. పబ్లిక్ పరీక్ష మన చేతిలో లేదు, బడిలో పెట్టే పరీక్షలు మన చేతిలో ఉన్నాయి. తొమ్మిది, పది తరగతుల లెక్కల పేపర్లు వారంలో పిల్లల చేతికి రావాలి. ప్రతి ప్రశ్నకూ ఏ మెట్టుకు ఎన్ని మార్కులో ఒక కాగితం గోడకు అతికించాలి. తక్కువ వచ్చినవాళ్ళకు అదే పాఠం మీద పదిహేను రోజుల్లో రెండో పరీక్ష, మొదటి మార్కు తీసేసి మంచిదే ఉంచుకోవాలి. దీనివల్ల టీచర్లకు దిద్దుడు పని రెట్టింపవుతుందని నాకు తెలుసు, ఇద్దరు లెక్కల టీచర్లు అన్ని సెక్షన్లూ మోస్తున్నారని నిన్న హెడ్మాస్టరు గారు చెప్పారు. ఆ రెండో పరీక్ష దిద్దే పని సంఘం తీసుకోవచ్చు. ఈ ఊళ్ళో, చుట్టుపక్కల రిటైరైన లెక్కల మాస్టార్లు, బ్యాంకు ఉద్యోగులు మన సభ్యుల్లోనే ఉన్నారు. పేపర్లు ఫొటో తీసి పంపితే నా వంతు నేనూ దిద్దుతాను. మాకు రాత్రయ్యే వేళకు ఇక్కడ తెల్లవారుతుంది, ఉదయం బడి గంట కొట్టేలోగా తిరిగి వస్తాయి.

నా సిలబస్‌ను తెలుగులో రాసి ఇరవై కాపీలు తెచ్చాను, ఆ స్టెప్ మార్కుల కాగితాలు కూడా. భోజనాల తర్వాత పదో తరగతి ఎ సెక్షన్ గదిలో ఉంటాను. లెక్కలు చెప్పే టీచర్లు దయచేసి రండి. ఇందులో ఇక్కడ కుదరనివి ఏవో మీరే చెప్పాలి, వాటిని అక్కడే కొట్టేసి మిగతావాటికి తేదీలు వేసుకుందాం.